గడప బయటి మాట

తెల్లారి ఐదింటికి సింగ్ నగర్ ఫ్లైఓవర్ కింద
కాలేషావలి షట్టర్ సగమే లేపి ఉంటుంది.
ఆ సగంలోంచి వంగి లోపలికెళతాను,
మెడలో గన్నవరం కాలేజీ కార్డు,
చేతిలో ఐసు నింపిన ఫ్లాస్కు.

"మేడమొచ్చింది, గుడ్డుసంచులు పక్కనపెట్టు" అంటాడు.
మస్తాన్‌బీ కత్తి కడిగి
నూజివీడు ఫారం నుంచి దిగిన ముసలి లేయరు కోడిని
ఎడమపక్క నుంచి విప్పుతుంది.
ఎడమే.
కోడికి కుడి అండాశయం
పుట్టకముందే అలిగి వెళ్లిపోయింది.

లోపల, దండ తెగి కుప్పపడ్డ పచ్చపూసలు:
ఆవగింజంత, కందిగింజంత, రేగుపండంత,
చివర రేపు పుట్టాల్సిన ఒక్క పెద్ద సొన.
రేషన్ షాపు ముందు మనమెప్పుడూ నిలబడనంత బుద్ధిగా
ఎవరి వంతులో వాళ్లు.

"పులుసులో వేస్తే ఎంత రుచో!
నువ్వేమో సీసాల్లో పోస్తావు."
సొన చుట్టూ ఒకే వరస కణాలుంటాయి,
వాటికి మాటలు వినిపించి చూస్తానన్నాను.
"ఏం మాటలు?"

ఇరవై అక్షరాలే ఉన్న భాష అది,
పూసల్లా గుచ్చిన చిన్న చిన్న మాటలు.
మెదడు కింద శనగగింజంత గ్రంథి
చీకట్లో ఒకటి పంపుతుంది.
నెత్తురులో ఈదుకుంటూ అంతదూరం వచ్చీ
కణం ఇంట్లోకి మాత్రం అడుగుపెట్టదు.
నూనె పూసిన గోడ, నీళ్లలో పుట్టిన చుట్టం.
గడప బయటే నిలబడి గొళ్లెం కదుపుతుంది.
లోపలివాళ్లు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుని
పెరగాలో, రెండుగా విడిపోవాలో,
చడీచప్పుడు లేకుండా చచ్చిపోవాలో తేల్చుకుంటారు.
పెద్ద సొన మీద నరాలు పాకని గీత ఒకటుంటుంది.
మాట వేళకి చేరితే
అక్కడే చిట్లుతుంది, నెత్తుటి బొట్టు రాకుండా.

"మరి ఆకలేస్తే?" అంది మస్తాన్‌బీ.

ఉలిక్కిపడ్డాను.
నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం అదే.

పొట్ట కూడా మాట్లాడుతుంది.
కోడిపొట్ట పంపే మాటకి ఇరవై ఆరు అక్షరాలు.
ఫారంలో గుడ్లు తగ్గితే మేత ఆపేస్తారు,
ఈకలు రాలతాయి, గూళ్లు మూగబోతాయి,
పచ్చపూసలు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకుంటాయి.
ఆ పొట్టమాట అండాశయం గడపకీ వస్తుందా?
వస్తే ఏమని పిలుస్తుంది?
ఒక గిన్నెలో కణాలకి మాట వేసి,
ఇంకో గిన్నెలో ఉత్త ఉప్పునీళ్లు వేసి
రాత్రంతా ఇంక్యుబేటర్ ముందు కూర్చుంటాను,
పక్కగదిలో పురుడొస్తున్నట్టు.

"బుడమేరు మీదపడ్డ ఏడు," అంది చేతులు కడుక్కుంటూ,
"ఐదు రోజులు డాబా మీదే.
పులిహోర పొట్లాలు పడవలో ఎదురుగుండా పోయేయి,
మా సందులోకి తిరగలేదు.
తర్వాత మూడు నెల్లు నాకు నెల రాలేదు.
కడుపేమోనని ఈయన జిలేబీ తెచ్చాడు.
భయానికి అలా అవుద్దిలే అంది డాక్టరమ్మ.
భయం కాదు, నాకు తెలుసు.
లోపలెవరో లెక్క చూసుకుని తలుపేసుకున్నారు."

కాలేషావలి తూకంరాళ్లు సర్దుతూనే ఉన్నాడు,
అవసరం లేకపోయినా.

నాలుగో అధ్యాయంలో ఈ వాక్యం ఎక్కడ పెట్టను?
కోడి వేరు, మనిషి వేరని
మా గైడు పిచ్చేశ్వరరావు గారు ఎర్రపెన్నుతో కొట్టేస్తారు.
న్యాయమే.
గిన్నెలో కణాలకి డాబా తెలియదు, పడవ తెలియదు.
అయినా గొళ్లెం చప్పుడు ఒకటేనేమో అని
రాయకుండా ఉండటం కష్టంగా ఉంది.

ఇవాళ్టివి మేత మాన్పించిన కోళ్లట,
మళ్లీ గుడ్లకొచ్చేదాకా ఆగలేక అమ్మేశారు.
పూసలన్నీ చిన్నవే.
డబ్బులివ్వబోతే మస్తాన్‌బీ తీసుకోలేదు.
"వీటికి కూరలో రుచుండదు" అంటూ
ఆవగింజంత దాన్నొకదాన్ని వేలికొన మీద పెట్టుకుని
ట్యూబులైటు వైపు ఎత్తి
చాలాసేపు చూసింది.

గన్నవరం బస్సులో, ఒళ్లో ఫ్లాస్కు.
కుదుపుల్లో, వంకరటింకరగా, సీసా మీద రాశాను:
గుంపు రెండు. మేత లేదు. పదకొండు రోజులు.